టెక్సాస్: 'తుపాకులు వద్దు' అని బోర్డు పెట్టిన షాపులోకి దాచుకుని వెళ్లవచ్చా?

ఫ్రిస్కో నాన్న:
నాకు గ్రీన్ కార్డు, టెక్సాస్ హ్యాండ్‌గన్ లైసెన్స్ రెండూ ఉన్నాయి. 2023 మే 6న అలెన్ అవుట్‌లెట్ మాల్‌లో ఒకడు ఎనిమిది మందిని కాల్చి చంపాడు. వాళ్లలో మన తెలుగమ్మాయి ఒకరు. అంతకు ముందు వారమే మేం పిల్లలతో అక్కడ తిరిగి వచ్చాం. ఆ భయంతోనే పిస్టల్ కొన్నాను. మొన్న ఒక కిరాణా షాపు తలుపు మీద 30.06 బోర్డు (లైసెన్స్ ఉన్నవాళ్లు కూడా తుపాకీ దాచుకుని లోపలికి రాకూడదని టెక్సాస్ చట్టంలోని ఆ సెక్షన్ కింద పెట్టేది) కనిపించింది. కారులో పెట్టి రమ్మని మా ఆవిడ చెప్పినా వినకుండా చొక్కా కింద ఉంచుకునే వెళ్లాను. ఎవరికీ కనబడలేదు, ఎవరికీ నష్టం జరగలేదు. చంపడానికి వచ్చేవాడు బోర్డు చదివి వెనక్కి పోడు కదా! నేను చేసినదాంట్లో తప్పేముంది?

ఇర్వింగ్ హోటల్:
తమ్ముడూ, అలాంటి బోర్డు పెట్టిన హోటల్ నాది. ఎందుకు పెట్టానో చెప్తాను. ఒక ఆదివారం మధ్యాహ్నం, హాలు నిండా జనం. బిల్లు కట్టడానికి పర్సు తీస్తున్న ఒకాయన నడుము దగ్గరి నుంచి పిస్టల్ జారి కింద పడింది. రెండు అడుగుల దూరంలో హై చైర్‌లో పాప ఉంది. పేలలేదు. ఆయన సారీ చెప్పి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. కౌంటర్‌లో ఉన్న కుర్రాడి చేతులు చాలాసేపు వణికాయి. ఆయన చెడ్డవాడేం కాదు, నీలాగే లైసెన్స్ ఉన్న మనిషి. మర్నాడే బోర్డు రాయించాను. అక్షరాలు కనీసం అంగుళం ఎత్తు, ఇంగ్లీషు, స్పానిష్ రెండూ ఉండాలి. అలా ఉంటేనే చట్టం ముందు నిలుస్తుంది. కనబడకపోతే నష్టం లేదంటున్నావు. నా ఇంటికి వచ్చి, నేను వద్దన్నదాన్ని నాకు తెలియకుండా లోపలికి తెస్తే ఒప్పుకుంటానా?

ఫ్రిస్కో నాన్న:
అన్నా, మీ భయం అర్థమైంది. కానీ 2022 జులైలో ఇండియానాలోని గ్రీన్‌వుడ్ మాల్ సంగతి చూడండి. ఆ మాల్‌లోనూ ఆయుధాలు నిషేధమే. ఫుడ్ కోర్టులో ఒకడు ముగ్గురిని చంపాడు. అక్కడే ఉన్న 22 ఏళ్ల యువకుడు తన పిస్టల్‌తో వాణ్ణి కాల్చి ఆపాడు. ఆ అబ్బాయి మాల్ నిబంధన పాటించి ఉంటే ఇంకెంతమంది పోయేవారో! 1991లో ఇక్కడి కిలీన్‌లో, లూబీస్ హోటల్లో 23 మంది చనిపోయారు. సుజానా హప్ అనే ఆవిడ చట్టానికి భయపడి తన తుపాకీ కారులో వదిలి లోపలికి వెళ్లింది. కళ్ల ముందే అమ్మానాన్నలను పోగొట్టుకుంది. ఆవిడ లాంటివాళ్లు పోరాడితేనే 1995లో ఇక్కడ లైసెన్స్ చట్టం వచ్చింది.

ఆస్టిన్ అక్క:
గ్రీన్‌వుడ్ ఉదాహరణ ఇక్కడ సగమే సరిపోతుంది. ఇండియానాలో అలాంటి బోర్డుకు దానికదే చట్టబలం లేదు; వెళ్లిపొమ్మన్నా వెళ్లకపోతేనే నేరం. టెక్సాస్‌లో 30.06 బోర్డు దాటితే చాలు, 200 డాలర్ల వరకు జరిమానా. నోటితో చెప్పినా కదలకపోతే ఏడాది వరకు జైలు, 4,000 డాలర్ల వరకు జరిమానా. ఇంకోటి, 2021 జూన్‌లో కొలరాడోలోని అర్వాడాలో పోలీసును చంపినవాణ్ణి ఒక మామూలు మనిషి కాల్చి పడేశాడు. అప్పుడే వచ్చిన పోలీసు, చేతిలో రైఫిల్ ఉన్న ఆ మనిషినే హంతకుడనుకుని కాల్చాడు. ఆయన చనిపోయాడు. ధైర్యం చేసినవాడికే ఆ గతి పట్టిందని ఇప్పటికీ బాధేస్తుంది.

హెచ్1బీ, ఎఫ్1 మీద ఉన్న తమ్ముళ్లు కూడా ఇది చదువుతుంటారు కాబట్టి చెప్తున్నా: వేట లైసెన్స్ లాంటి కొద్ది మినహాయింపులు తప్ప మీరు తుపాకీ దగ్గర పెట్టుకోవడమే ఫెడరల్ నేరం. బోర్డు దాకా వెళ్లే ప్రశ్నే లేదు.

ఫ్రిస్కో నాన్న:
కారులో వదిలితే అద్దం పగలగొట్టి ఎత్తుకుపోతారు, దాని సంగతేంటి?

ఇర్వింగ్ హోటల్:
సీటు కింద కేబుల్‌తో బిగించే చిన్న ఇనప పెట్టె కొనుక్కో. లేదా ఆ రోజు ఇంట్లోనే తాళం వేసి రా. బోర్డు నచ్చకపోతే నాతో వాదించు, నా హోటల్‌కి రావడం మానెయ్, రెండూ నీ హక్కే. దాచుకుని రావడం మాత్రం కాదు.

ఫ్రిస్కో నాన్న:
ఆ బోర్డుల వల్ల జనానికి రక్షణ పెరుగుతుందని నేను ఇప్పటికీ నమ్మను. కానీ ఆ పాప పక్కన పడిన పిస్టల్ నాదై ఉంటే అన్న ఆలోచన రాత్రంతా వదల్లేదు. ఆ కిరాణా షాపు ఓనర్‌ని ఈ శనివారం కలుస్తాను. బోర్డు ఎందుకు పెట్టారో అడుగుతాను. తుపాకీ ఇంట్లో పెట్టే వెళ్తాను.