మెరిటోక్రసీకి ‘ప్రతిభాస్వామ్యం’ అనే మాట చాలునా?

ప్రశ్న: అన్నా, ఒక వ్యాసంలో మెరిటోక్రసీని, అంటే తెలివీ సామర్థ్యమూ ఉన్నవాళ్ళే ఏలాలనే పద్ధతిని, ‘ప్రతిభాస్వామ్యం’ అని రాసినాను. సరిపోతుందా?

జవాబు: నాకైతే చాలదనిపిస్తుంది తమ్ముడూ. ప్రతిభ అలంకారశాస్త్రంలో మాట. కవికి పుట్టుకతో అబ్బే ప్రజ్ఞకు ఆ పేరు. పుట్టుకతో వచ్చేదాన్ని ఏలేవాళ్ళకు కొలతగా పెడితే మళ్ళీ వంశాల కాడికే పోతాం. ఇంగ్లీషులోనూ ఆ మాట పొగడ్తగా వ్యాపించలేదు. 1958లో మైకేల్ యంగ్ అనే బ్రిటిష్ సమాజశాస్త్రవేత్త ఒక వ్యంగ్య రచనలో వాడి దాన్ని ప్రచారంలోకి తెచ్చినాడు. పరీక్షల్లో నెగ్గినవాళ్ళే కొత్త దొరలవుతారని ఆయన హెచ్చరిక.

నేనైతే మన ‘తగు’ను పట్టుకుంటాను. తగినవాడు అన్నామంటే ‘దేనికి?’ అని అడగక తప్పదు. తగవు కూడా దీన్నుంచి వచ్చిందే. ఇప్పుడు జగడమనే అర్థంలో వాడుతున్నాం గానీ పాత తెలుగులో తగవంటే న్యాయం, తగవరి అంటే న్యాయం చెప్పేవాడు.

దేనికి ఎవరు తగినవాళ్ళో పాతవాళ్ళు ఎట్లా చూసినారో చెప్తాను. మన కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు శాసనం, 1369 నాటిది, మంచి చెరువుకు పన్నెండు సాధనాలు చెప్పింది. మొదటిది ధర్మపరుడు, సంపన్నుడు, కీర్తి కోరేవాడు అయిన రాజు. రెండోది జలశాస్త్రం తెలిసిన బ్రాహ్మణుడు. గట్టి నేల, తియ్యని నీళ్ళ ఏరు ఆ తర్వాతే. రాజుకు జలశాస్త్రం రావాలనలేదు చూడు, ధర్మం అడిగినారు. విద్య ఇంకొకరి వంతు. ఆ విద్యకు కులం కట్టడం మాత్రం నాకు నొప్పిగా ఉంటుంది. ఎన్ని తరాల తెలివి గట్టు బయటే ఉండిపోయిందో!

ప్రశ్న: మరి వేమన ‘అల్పజాతివాని కధికారమిచ్చిన’ అన్నాడు కదన్నా? అదీ పుట్టుక మాటే కదా?

జవాబు: ‘అల్పబుద్ధివాని’ అనే పాఠం కూడా ఉంది, నేను అదే చదువుతాను. కులాన్ని అంతగా ఎండగట్టిన వేమన నోట జాతి మాట నాకు అతకదు. అల్పుడు చేసే పని రెండో పాదంలోనే ఉంది: ‘దొడ్డవారినెల్ల తొలగగొట్టు’. తనకంటే తగినవాళ్ళను దగ్గరికి రానీడు. నాయకుణ్ణి ఎంచేటప్పుడు నేను మొదట చూసేది అదే, పక్కన ఎవరిని ఉండనిస్తున్నాడని.

మా అబ్బ ఊరి నీరుగంటి గురించి, అంటే చెరువు నీళ్ళు పొలాలకు పంచే మనిషి గురించి, చెప్పేవాడు. ఆయనకు సంతకం కూడా రాదు. చెరువులో నీళ్ళు తగ్గిన ఏడు పార భుజాన వేసుకొని రాత్రంతా కాలువ గట్టునే ఉండి, చిట్టచివరి మడికి నీళ్ళెక్కినాకే ఇల్లు చేరేవాడంట. ఆయన కట్టిన మడవను పెద్ద రైతులు కూడా తెంచేవాళ్ళు కాదు. ఎవరైనా గొణిగితే, ‘తగినోడు, ఆయన చెప్పినట్టే కానీ’ అనేవాళ్ళంట.