రోహ్నా: గంటన్నర తేలిన ఓడలో వెయ్యిమంది ఎలా పోయారు?

తీరరేఖ అడిగిన ప్రశ్న

1943 నవంబరు 26న అల్జీరియా తీరానికి ఉత్తరంగా మునిగిన దళాల రవాణా ఓడ రోహ్నా గురించి చదువుతున్నాను. తగిలింది ఒక్క బాంబు. ఆ తర్వాత కూడా ఓడ సుమారు గంటన్నర నీళ్ళ మీదే ఉంది. లైఫ్‌బోట్లు 22 ఉన్నాయట. అయినా అమెరికన్ సైనికులే 1,015 మంది పోయారు. ఇంతమందీ పేలుడులోనే పోయారా? ఆ బాంబును విమానంలోంచి రేడియోతో నడిపారంటారు, అదెలా సాధ్యం? ఇంకో సందేహం: ఇది మద్రాసు-సింగపూరు మధ్య తిరిగిన స్టీమరేనా?

లంగరు

అదే స్టీమరండీ. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఓడ, 8,602 టన్నులు. 1926లో ఇంగ్లండులోని హెబర్న్‌లో హాథార్న్ లెస్లీ వాళ్ళు కట్టారు. దీని జంట ఓడ రజులా, 1970ల దాకా మద్రాసు-సింగపూరు దారిలో నడిచింది. ఆ పేరు మన పెద్దవాళ్ళలో కొందరికైనా గుర్తుండాలి. రెండూ ఐదువేలకు పైగా డెక్కు ప్రయాణికులను ఎక్కించుకునే లైసెన్సుతో పుట్టినవే. రోహ్నాను 1940లో సైనిక రవాణాకు తీసుకున్నారు. ఆ రోజు కేఎంఎఫ్-26 అనే ఓడల కాన్వాయ్‌లో దాదాపు 2,000 మంది అమెరికన్లతో సూయజ్ మీదుగా భారత్‌కు వస్తోంది. వాళ్ళు వెళ్ళాల్సింది చైనా-బర్మా-ఇండియా యుద్ధరంగానికి.

అది జర్మన్ల బాంబు, పేరు హెన్షెల్ 293. బరువు టన్నుకు కాస్త ఎక్కువ, పేలుడు తల సుమారు 300 కిలోలు. హైంకెల్ 177 విమానం దాన్ని వదలగానే కింద ఉన్న రాకెట్టు పది సెకన్లపాటు మండి వేగమిస్తుంది. ఆ తర్వాత రెక్కల మీద జారుతూ వస్తుంది. తోక దగ్గర ఎర్రటి మంట వెలుగుతూ ఉంటుంది. గురికాడు ఆ మంట, ఓడ ఒకే చూపులో పడేలా చిన్న జాయ్‌స్టిక్ కదుపుతాడు, ఆ కదలిక రేడియోలో బాంబుకు చేరుతుంది. దీని బలహీనతా అక్కడే ఉంది. బాంబు తగిలేదాకా విమానం పెద్దగా మలుపులు తిరగకూడదు, ఓడ కంటికి ఆనుతూ ఉండాలి. అందుకే ఫైటర్లు వెంటపడినా, పొగతెర కమ్మినా గురి తప్పుతుంది. రేడియోను జామ్ చేయడం కూడా తర్వాత బాగా పనిచేసింది.

కప్పీతాడు

పేలుడులో పోయింది సుమారు 300 మందే. మిగతావాళ్ళను చంపింది ఓడ దిగడమే. బాంబు ఎడమ పక్కన ఇంజను గది దగ్గర తగిలింది. కరెంటు పోయింది, పంపులు ఆగాయి, మంటలు లేచాయి. కొన్ని బోట్లు అప్పుడే పాడయ్యాయి. మిగిలిన వాటిలో ఎనిమిదో ఎన్నో మాత్రమే నీళ్ళను తాకాయి, వాటిలోనూ చాలావరకు మనుషులు ఎక్కువై మునిగాయి.

బోటును దించేటప్పుడు ముందు తాడు, వెనక తాడు సమంగా వదలాలి. కప్పీ తుప్పు పట్టి ఒక కొస ఆగిపోతే రెండో కొస జారి బోటు నిలువుగా వేలాడుతుంది, లోపలి జనం కింద పడతారు. రోహ్నాలో కప్పీలు తుప్పుపట్టి బిగుసుకుపోయాయని బతికినవాళ్ళు వాంగ్మూలమిచ్చారు. తెప్పలను పైనుంచి విసిరితే అవి కింద ఈదేవాళ్ళ మీద పడ్డాయి.

అన్నిటికన్నా ఘోరం నీళ్ళలో తేలడానికి కట్టుకునే నడుము బెల్టు. గ్యాసు సీసాలు నొక్కితే ఊదుకునే రకం. దాన్ని చంకల కింద కట్టాలి. నడుముకు కడితే బరువంతా పైనే ఉంటుంది గనుక మనిషి తలకిందులై కాళ్ళు తేలతాయి. సైనికుల్లో చాలామందికి ఇది ఎవరూ సరిగ్గా చెప్పలేదు.

దెబ్బ తగిలింది సాయంత్రం ఐదున్నర ప్రాంతంలో. అంటే వెంటనే చీకటి, పైగా అలల పోటు, చన్నీళ్ళు. అంతలోనూ పయొనీర్ అనే చిన్న మైన్‌స్వీపర్ (సముద్రంలో మందుపాతరలు తొలగించే ఓడ) ఒక్కటే 606 మందిని ఎత్తుకుంది.

కళాసీలు సైనికులను వదిలేసి పారిపోయారన్న నింద ఒకటి ఇప్పటికీ తిరుగుతోంది. మన దేశపు కళాసీలే ఎక్కువున్న ఆ సిబ్బందిలో సగానికి పైగా చనిపోయారు. ఆ లెక్క చూడకుండా ఆ మాట అనడం అన్యాయం.

తీరరేఖ

ధన్యవాదాలండీ. బోట్లు బాగుంటే అందరూ బతికేవాళ్ళా?

కప్పీతాడు

బోట్లు ఒక్కటే చాలవు. 1944 జూన్ 7న నార్మండీ దగ్గర అమెరికన్ నేవీ రవాణా ఓడ సుసన్ బి. ఆంథొనీ మందుపాతర మీదికి వెళ్ళింది. అక్కడా కరెంటు పోయింది, ఓడ ఒక పక్కకు ఒరిగింది, రెండు గంటల్లో మునిగింది. దానిలోని 2,689 మందీ బతికారు. ఉదయం వేళ, వేరే ఓడలు ఆనుకుని నిలబడేంత దగ్గరగా వచ్చాయి. కెప్టెన్ సైనికులను ఎత్తుగా లేచిన పక్కకు జరిపి, మనుషుల బరువుతోనే ఒరుగును సరిచేశాడు. రోహ్నా పక్కకు అలా ఆనుకుని నిలిచే ఓడ రాలేదు, వెలుతురూ లేదు.

దస్తావేజు

పేర్లు వెతికేవాళ్ళకు: దేహం దొరకని అమెరికన్ల పేర్లు ట్యునీషియాలోని కార్తేజ్ సైనిక స్మశానంలో గోడ మీద ఉన్నాయి. సమాధి లేని భారతీయ కళాసీల పేర్లు ముంబయి, చిట్టగాంగ్ 1939-1945 యుద్ధ స్మారకాల పుస్తకంలో ఉంటాయి. కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ సైట్‌లో ముందు ఓడ పేరుతో వెతకండి. ఇంటిపేర్లు ఇంగ్లిషు చెవికి తోచినట్టు రాసి ఉంటాయి కాబట్టి మనిషి పేరుతో మొదలెడితే దొరకడం కష్టం. గైడెడ్ బాంబు సంగతి అమెరికా యుద్ధమయ్యాక కూడా ఏళ్ళపాటు దాచింది. కాబట్టి పాత పత్రికలు తిరగేసేవాళ్ళు అందులో గైడెడ్ బాంబు ప్రస్తావన కోసం చూడొద్దు.