గ్రాఫిక్ నవల సమీక్షలో బొమ్మల గురించి ఏం రాయాలి, ఎంత రాయాలి?

పుస్తకాలపెట్టె:

అందరికీ నమస్కారం. మేము డాలస్ దగ్గర ఉంటున్నాము. ఇక్కడి తెలుగు కుటుంబాలు కొన్ని కలిసి నెలకొకసారి పిల్లల పుస్తకాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. ఏ పుస్తకంలో ఏముందో పెద్దవాళ్ళకు, ముఖ్యంగా ఇంగ్లీషు నవలలు చదివే అలవాటు లేని అమ్మమ్మలకూ తాతయ్యలకూ తెలియడం కోసం నేను తెలుగులో పేజీన్నర సమీక్ష రాసి అందరికీ పంపుతుంటాను. మామూలు నవలల విషయంలో ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. బొమ్మలూ మాటలూ కలిసి కథ నడిపే గ్రాఫిక్ నవల దగ్గరికి వచ్చేసరికి నా రాతలో లోపం ఎక్కడుందో గత నెలలో తెలిసివచ్చింది.

జీన్ లూయెన్ యాంగ్ 2006లో వెలువరించిన 'అమెరికన్ బోర్న్ చైనీస్' గురించి రాశాను. స్వర్గంలో విందుకు వెళ్ళి, కాళ్ళకు జోళ్ళు లేవన్న కారణంతో అవమానం పాలైన వానరరాజు కథ ఒకటి; శాన్‌ఫ్రాన్సిస్కో చైనాటౌన్ నుంచి తెల్లపిల్లల బడికి మారిన జిన్ వాంగ్ కథ మరొకటి; చైనా నుంచి ఏటా వచ్చే చిన్-కీ అనే బంధువు వల్ల బడిలో తలెత్తుకోలేకపోతున్న డ్యానీ కథ మూడోది. ఈ మూడు కథలనూ సంగ్రహంగా చెప్పి, అమెరికాలో టీనేజి పిల్లల పుస్తకాలకిచ్చే ప్రింట్జ్ బహుమతిని గ్రాఫిక్ నవలల్లో మొదట పొందిన పుస్తకం ఇదేనని, ఆ బహుమతి 2007లో వచ్చిందని కూడా రాసి, పన్నెండేళ్ళు దాటినవారికి ఇవ్వవచ్చన్నాను.

నా మాట నమ్మి ఒక తండ్రిగారు ఆ పుస్తకాన్ని తమ అబ్బాయి కోసం తీసుకువెళ్ళారు. మధ్యలో తెరిచిన పేజీలో ఆయనకు చిన్-కీ కనిపించాడు. పసుపుపచ్చని ముఖం, ముందుకు పొడుచుకువచ్చిన పళ్ళు, వీపున వేలాడే జడ, రకార లకారాలు తారుమారయ్యే మాటతీరు. ఆయన వెంటనే ఫోన్ చేసి, మనవాళ్ళను ఎవరైనా ఇలా గీస్తే ఆ పుస్తకాన్ని మన పిల్లల చేతికి ఇస్తామా అని అడిగారు. ఆ బొమ్మ వెక్కిరించడానికి గీసింది కాదని, వెక్కిరింపునే పట్టి చూపడానికి గీసిందని, చివరిదాకా చదివితే తెలుస్తుందని చెప్పాను. 'మరి ఆ సంగతి మీ సమీక్షలో ఒక్క ముక్క కూడా లేదేం?' అన్నారు. నా దగ్గర సమాధానం లేకపోయింది.

నా సమీక్షను మళ్ళీ చదువుకుంటే, అందులో 'గ్రాఫిక్' అన్న ఒక్క మాట తీసేస్తే ఆ పుస్తకంలో బొమ్మలున్నట్టే ఎవరికీ తెలియదు. కథ చివరి మలుపు బయటపడుతుందన్న భయంతో చిన్-కీ గురించి దాటవేశాను కూడా. నేను చిత్రకళ నేర్చుకున్నదాన్ని కాను. అటువంటి పాఠకురాలు బొమ్మల గురించి నిజాయితీగా ఏం రాయగలదు? ముగింపు చెప్పకుండా ఇలాంటి పాత్ర గురించి ముందుగా ఎలా హెచ్చరించాలి? మరొక సందేహం కూడా ఉంది. నాకు నలభయ్యారేళ్ళు. ఈ పుస్తకాలు మా అమ్మాయి వయసు వాళ్ళ కోసం రాసినవి. దానికి నచ్చినది నాకు నచ్చనప్పుడు సమీక్షలో ఎవరి తీర్పు ఉండాలి?

ఇంకుసీసా:

మీకు ఎదురైన ఇబ్బందే చాలామంది సమీక్షకులకు ఎదురవుతుంది, కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను. గ్రాఫిక్ నవలను నేను రెండుసార్లు చదువుతాను. మొదటిసారి కథ ఎటు లాగితే అటు వెళ్ళిపోతాను. రెండోసారి మాటల బుడగల్లోని అక్షరాలను పట్టించుకోకుండా బొమ్మలను మాత్రమే చూస్తూ పేజీలు తిప్పుతాను. కన్ను ఏ పేజీ దగ్గర ఆగిపోయిందో గుర్తు పెట్టుకుంటాను. సమీక్షలో రాయవలసినది సాధారణంగా ఆ పేజీలోనే దొరుకుతుంది. చిత్రకళ పరిభాష తెలియనవసరం లేదు. అక్కడ ఏం గీశారో, అది చూసినప్పుడు మీకేమనిపించిందో, అలా అనిపించడానికి గీతలో ఉన్న కారణమేమిటో మామూలు మాటల్లో చెప్పగలిగితే చాలు.

మీరు చెప్పిన పుస్తకాన్నే తీసుకుందాం. డ్యానీ కథ జరిగే పేజీలను మళ్ళీ చూడండి. ఆ కథ టీవీలో వచ్చే హాస్య ధారావాహికలాగా పేరు పలకతో, చప్పట్లతో మొదలవుతుంది. చిన్-కీ ఏం మాట్లాడినా, ఏం చేసినా గడి (ఒక్కో బొమ్మ చుట్టూ ఉండే చట్రం) అడుగున 'హ హ హ' అని నవ్వుల అక్షరాలు వరుసగా పరుచుకొని ఉంటాయి. ఆ నవ్వు కథలోని పాత్రలది కాదు, కథకుడిదీ కాదు, ఎక్కడో కూర్చుని చూస్తున్న ప్రేక్షకులది. పేజీ చదివే మనం ఆ అక్షరాలను కూడా చదవక తప్పదు కాబట్టి, మనకు తెలియకుండానే ఆ నవ్వేవాళ్ళ పక్కన వెళ్ళి కూర్చుంటాము. కొన్ని పేజీలు గడిచేసరికి ఆ చోటు ఇబ్బందిగా అనిపించడం మొదలవుతుంది. ఆ ఇబ్బంది కలిగించడమే రచయిత ఉద్దేశం. అమెరికన్ తెర మీద చైనావాళ్ళను చూపిన పాత మూస పోకడలన్నిటినీ ఒకే శరీరంలోకి కుక్కి, తర్వాత నవ్వమని మన ముందు నిలబెట్టాడు. ఇదంతా చెప్పడానికి ముగింపు బయటపెట్టవలసిన పనేమీ లేదు. చిన్-కీ అసలు ఎవరన్నది ఒక్కటి దాచితే చాలు.

బొమ్మలో మాత్రమే జరిగే కథను గుర్తించడం సమీక్షకులకు రావలసిన రెండో విద్య. జిన్ ఒక ఉదయం ఉంగరాలు తిప్పిన జుట్టుతో బడికి వస్తాడు. తెల్లపిల్లవాడిలా కనబడాలని కోరుకున్నాడని అక్కడ ఏ వాక్యమూ చెప్పదు, ఆ జుట్టే చెబుతుంది. వానరరాజు జోళ్ళ విషయం కూడా అంతే. అవమానం జరిగిన తర్వాత జోళ్ళు ఎప్పుడు వచ్చాయి, చివరికి ఏమయ్యాయి అన్నది గమనిస్తూ వెళితే, ఆ కథలో రచయిత చెప్పదలచినది చాలావరకు ఆ పాదాల దగ్గరే దొరుకుతుంది.

ఒక గడికీ దాని పక్క గడికీ మధ్య ఉండే తెల్లటి ఖాళీలో జరిగేదాన్ని పాఠకుడే ఊహించి పూరించుకుంటాడని కామిక్స్ రచయిత స్కాట్ మెక్‌క్లౌడ్ 1993లో వచ్చిన తన 'అండర్‌స్టాండింగ్ కామిక్స్' పుస్తకంలో, అదీ బొమ్మల రూపంలోనే, వివరించాడు. సమీక్ష రాసేవాళ్ళకు ఆ ఒక్క ఆలోచన ఎంతో ఉపయోగపడుతుంది. రచయిత ఏది గీశాడన్నదానితో పాటు ఏది గీయకుండా మనకు వదిలేశాడన్నది కూడా చూడడం దానితో అలవాటవుతుంది. మర్జాన్ సత్రపి ఇరాన్‌లో గడిచిన తన బాల్యం గురించి గీసిన 'పెర్సెపొలిస్' మొదటి పేజీలో, 1980లో పదేళ్ళ వయసున్న తన బొమ్మను ముసుగుతో గీసుకుంది. పక్కనే తరగతి ఫొటో ఉంటుంది. అందులో తాను ఎడమ చివర కూర్చోవడం వల్ల గడి అంచు ఆమెను కోసేస్తుంది, ఆమె కనిపించదు. ఇరాన్‌లో ఆ ఏడాది ఆడపిల్లలకు ఏం జరిగిందో తర్వాత ఎన్ని పేజీల్లో చదివినా, ఆ గడి అంచు కోత నన్ను వదలలేదు. 'బొమ్మలు చాలా బాగున్నాయి' అని రాసేబదులు ఇటువంటి ఒక్క గడిని పాఠకుడి ముందు పెట్టండి.

గ్రంథాలయం మెట్లు:

వయసు గురించి నా అనుభవం చెబుతాను. నేను బడి గ్రంథాలయంలో పనిచేస్తాను. సమీక్షల్లో నాకు అన్నిటికన్నా తక్కువ ఉపయోగపడే వాక్యం 'ఇందులో కొన్ని పెద్దల విషయాలు ఉన్నాయి' అన్నది. ఏ విషయాలు? హింసా, మరణమా, ప్రేమా, తిట్లా? తల్లిదండ్రులు భయపడి పుస్తకం పక్కన పెట్టడానికి తప్ప ఆ వాక్యం దేనికీ పనికిరాదు.

మారికో తమాకి రాసి జిలియన్ తమాకి బొమ్మలు వేసిన 'దిస్ వన్ సమ్మర్' ఇందుకు మంచి ఉదాహరణ. 2015లో అది ప్రింట్జ్ గౌరవ పురస్కారంతో పాటు బొమ్మల పుస్తకాలకిచ్చే కాల్డెకాట్ గౌరవ పురస్కారాన్ని కూడా పొందింది. కాల్డెకాట్ నిబంధనల ప్రకారం పద్నాలుగేళ్ళ వరకు పిల్లలే. కానీ జనం మనసులో కాల్డెకాట్ అంటే ఒళ్ళో కూర్చోబెట్టుకొని చదివించే పుస్తకమే. అట్టమీద ఆ ముద్ర చూసి చిన్నపిల్లల కోసం కొన్నవాళ్ళు లోపల గర్భం పోయిన తల్లి దిగులును, ఊళ్ళో ఒక అమ్మాయి గర్భం గురించిన గుసగుసలను చూసి కంగారుపడ్డారు. అమెరికాలో గ్రంథాలయాల నుంచి తొలగించమని అభ్యంతరాలు ఎక్కువగా వచ్చిన పుస్తకాల జాబితాలో 2016లో మొదటి స్థానం దానిదే. ఆ నవలలోని బాధను నీలం, ఊదా కలిసిన ఒకే రంగు సిరాలో ఎంత నెమ్మదిగా, ఎంత మర్యాదగా చెప్పారో చూసినవాళ్ళకు ఆ అభ్యంతరాలు మనసు కష్టపెట్టేవే. అయినా ఆ తల్లిదండ్రుల తప్పు లేదు. పుస్తకంలో ఏముందో వాళ్ళకు ఎవరూ ముందుగా సూటిగా చెప్పలేదు.

కాబట్టి ఉన్నదాన్ని పేరు పెట్టి రాయండి. పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ళ వరకు ఒకే గంపకింద లెక్కపెట్టడం ప్రింట్జ్ వాళ్ళకు సరిపోవచ్చు కానీ, ఏడో తరగతి పిల్లకూ కాలేజీకి వెళ్ళబోయే పిల్లకూ మధ్య ఎంత దూరముందో ఇంట్లో చూస్తూనే ఉన్నాం. ఎవరికి ఇవ్వాలన్న నిర్ణయం ఆ ఇంటివాళ్ళకు వదిలేయవచ్చు. వాళ్ళు నిర్ణయించుకోవడానికి కావలసిన సమాచారం మాత్రం సమీక్షలో ఉండాలి.

వేపచెట్టు కింద:

నమస్తే మేడమ్. నేను విజయవాడలో ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఈ నవలలు చదివే వయసు నాదే కాబట్టి ఒక్క మాట చెప్పాలనిపించింది. మా కోసం రాసిన పుస్తకాలకు పెద్దవాళ్ళు రాసే సమీక్షలు చాలావరకు 'ఈ నవల పిల్లలకు స్నేహం విలువ నేర్పుతుంది' అన్నట్టు ముగుస్తాయి. ఆ వాక్యం చూడగానే ఆ పుస్తకం చదవాలన్న కోరిక పోతుంది. మేము నేర్చుకోవడానికి చదవడం లేదు, అందులో ఎవరో మాలాంటివాళ్ళు ఉన్నారేమోనని వెతుక్కుంటూ చదువుతున్నాం. మీ అమ్మాయి తీర్పు, మీ తీర్పు వేరైతే రెండూ రాయండి. పుస్తకం నచ్చిందా అని మాత్రం అడగకండి, ఏ పేజీకి వెనక్కి వెళ్ళి మళ్ళీ చూశావని అడగండి. మమ్మల్ని ఎవరూ అలా అడగరు.

తాటాకుపందిరి:

పైన ఇంకుసీసా గారు చెప్పినదానితో ఏకీభవిస్తూనే, మనకు ఈ అలవాటు ఎందుకు లేదన్న విషయం కూడా చెప్పుకోవాలనిపిస్తోంది. మన తరం బొమ్మలు చూడడం నేర్చుకున్నది చందమామలో. 1947 జూలైలో మొదలైన ఆ పత్రికలో చిత్రా, శంకర్, వడ్డాది పాపయ్య గార్లు వేసిన బొమ్మలను ఎంత ప్రేమించామో వేరే చెప్పనక్కరలేదు. కానీ అక్కడ బొమ్మ కథకు తోడుగా ఉండేది. బొమ్మను చేత్తో మూసేసి చదివినా కథ నిలబడేది. అందువల్ల కథ గురించి మాట్లాడడం సమీక్ష అనీ, బొమ్మ గురించి చివర ఒక మెచ్చుకోలు వాక్యం చేర్చడం మర్యాద అనీ మనకు అలవాటైంది. గ్రాఫిక్ నవలలో బొమ్మను మూసేస్తే కథే ఉండదు. పాత కొలబద్ద ఇక్కడ పనికిరాకపోవడానికి కారణం అదేనని నా అభిప్రాయం.

మన దేశంలోనే వచ్చిన 'భీమాయన' దగ్గర నాకు ఈ సంగతి అర్థమైంది. అంబేడ్కర్ జీవితంలోని ఘట్టాలతో శ్రీవిద్య నటరాజన్, ఎస్. ఆనంద్ కథనం సమకూర్చగా, మధ్యప్రదేశ్‌కు చెందిన ప్రధాన్ గోండ్ చిత్రకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ బొమ్మలు వేసిన పుస్తకమది. 2011లో నవయాన ప్రచురించింది. అందులో మామూలు గడులు లేవు. మనుషులను పెట్టెల్లో బంధించడం ఇష్టం లేక, తమ ఇళ్ళ గోడల మీద, నేల మీద వేసుకునే దిగ్నా అల్లికలతోనే ఆ దంపతులు పేజీని విభజించారు. బడిలో చిన్నారి భీముడికి, అంటే అంబేడ్కర్‌కు, నీళ్ళు దక్కని ఘట్టం ఉన్న ఆ పుస్తకంలో, మెత్తగా మాట్లాడేవాళ్ళ మాటల బుడగ పిట్ట ఆకారంలో ఉంటుంది. కులం పేరుతో కుట్టేవాళ్ళ మాటల బుడగకు తేలు కొండి ఉంటుంది. మొదటిసారి చదివినప్పుడు నేను అది గమనించనే లేదు. మా మనవరాలు, అప్పటికి తొమ్మిదో తరగతి, 'తాతయ్యా, ఈ మాటకు కొండి ఉంది చూడు' అని వేలితో చూపించింది. ఇన్నేళ్ళుగా పుస్తకాలు చదువుతున్న నేను అక్షరం చదివాను, అది మాట చదివింది.

ఒక్క జాగ్రత్త చెబుతాను. బొమ్మల గురించి రాయమన్నారు కదా అని పేజీ వెంట పేజీ వర్ణించుకుంటూ పోతే చదివేవాళ్ళకు విసుగు పుడుతుంది. పేజీన్నర సమీక్షలో రెండు బొమ్మలు చాలు, కానీ ఆ రెండూ పుస్తకం మొత్తానికి తాళంచెవిలా ఉండాలి.

పుస్తకాలపెట్టె:

అందరికీ కృతజ్ఞతలు. వారాంతంలో పుస్తకాన్ని రెండోసారి, మాటలు చదవకుండా తిరగేశాను. నవ్వుల అక్షరాలు మొదటిసారి నా కంటికి ఎందుకు ఆనలేదో ఇప్పటికీ అర్థం కావడం లేదు. సమీక్షలో కొత్తగా చేర్చిన పేరా ఇది:

'మూడో కథలో చిన్-కీ అనే పాత్రను చూసి మీకు కోపం రావచ్చు, రావాలి కూడా. చైనావాళ్ళను ఎగతాళి చేయడానికి అమెరికాలో ఒకప్పుడు వాడిన రూపురేఖలన్నీ ఈ పాత్రకు కావాలనే పెట్టారు. అతను కనిపించినప్పుడల్లా గడి కింద నవ్వుల అక్షరాలు ఉంటాయి. ఆ నవ్వులు ఎవరివో పిల్లలను అడగండి. పుస్తకాన్ని మధ్యలో తెరిచి ఒక్క పేజీ చూసి నిర్ణయించకండి, ఈ పాత్ర ఎందుకు ఇలా ఉన్నదో చివరి భాగంలోనే తెలుస్తుంది. బడిలో పేరు తప్పుగా పలికించుకున్న పిల్లలకు ఈ కథ దగ్గరగా అనిపిస్తుంది.'

దీని కింద మా అమ్మాయి మాటలు వేరుగా వేశాను. అది మళ్ళీ మళ్ళీ చూసిన పేజీ చిన్-కీది కాదు, ఉంగరాల జుట్టుతో జిన్ తరగతిలోకి వచ్చిన పేజీ. ఎందుకని అడిగితే, ఆరో తరగతిలో తాను మధ్యాహ్నం పెరుగన్నం డబ్బా తీసుకువెళ్ళడం మానేసిన రోజులు గుర్తుకొచ్చాయని చెప్పింది. ఆ సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. దాని అనుమతితో ఆ వాక్యం కూడా సమీక్షలో ఉంచాను. ఫోన్ చేసిన తండ్రిగారికే మొదట పంపాను. చిన్-కీ బొమ్మ మీద ఆయన అభ్యంతరం పూర్తిగా పోలేదు, కానీ పుస్తకాన్ని ఇంకో నెల తమ దగ్గరే ఉంచుకుంటామని రాశారు. వచ్చే నెలకు 'భీమాయన' తెప్పిస్తున్నాను.