ద్రావిడ భాషల మీద పీహెచ్‌డీకి వచ్చాను, ఏ తలుపు తట్టాలి?

కొత్త సభ్యురాలు:

అందరికీ నమస్కారం. ఈ ఆగస్టులో అమెరికా వచ్చాను, భాషాశాస్త్రంలో పీహెచ్‌డీకి. హైదరాబాదులో ఎం.ఏ. చేశాను. తెలుగు, ఆదిలాబాదు వైపు మాట్లాడే కొలామీ అనే గిరిజన భాష, ఈ రెండింటి వాక్యాల మీద పని చేయాలని నా కోరిక. మా శాఖలో తెలుగు తెలిసినవారు ఒక్కరూ లేరు. నా గురువుగారు పనిచేసేది టర్కిష్ మీద. పక్క భవనంలో దక్షిణాసియా శాఖ ఉంది. వచ్చే ఏడాది నుంచి తెలుగు తరగతి చెప్పమని వాళ్లు అడుగుతున్నారు. ఫీజు మాఫీ, నెలనెలా భత్యం. ఒక సీనియర్ "వెంటనే ఒప్పుకో, ఆ అనుభవంతోనే ఉద్యోగం వస్తుంది" అన్నాడు. ఇంకొకామె "ఒప్పుకుంటే జీవితాంతం అఆఇఈలు దిద్దిస్తూ ఉంటావు" అన్నది. ఇంట్లోవాళ్లేమో తెలుగు చదవడానికి అమెరికా దాకా ఎందుకని ఇప్పటికీ అడుగుతున్నారు. ఈ దారిలో నడిచినవారు నాలుగు మాటలు చెబితే మేలు చేసినవారవుతారు.

భాషాశాస్త్ర శాఖలో పనిచేస్తున్న సభ్యురాలు:

చెల్లీ, ఇంట్లోవాళ్ల ప్రశ్నతో మొదలుపెడతాను, అన్నిటిలో అదే తేలిక. భద్రిరాజు కృష్ణమూర్తిగారు ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో తెలుగు ఆనర్సు చదివారు, అక్కడే పాఠాలు చెప్పారు. ఆ తరువాత అమెరికా వచ్చి పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో 1957లో పీహెచ్‌డీ పుచ్చుకున్నారు. పరిశోధన దేని మీద? తెలుగు ధాతువుల మీదే. ఆయనకు తెలుగు రాక కాదు కదా ఇంత దూరం వచ్చింది! తమిళంలో ‘ఇరండు’ ఉన్నచోట మనకు ‘రెండు’ ఎందుకుంది, అక్కడ ‘మరం’ అయినది పాత తెలుగులో ‘మ్రాను’ ఎందుకైంది అని అడిగి, జవాబును పద్ధతిగా నిరూపించడం నేర్చుకోవడానికి వచ్చారు. ఆ గ్రంథాన్ని 1961లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం అచ్చువేసింది. తిరిగి వెళ్లి ఉస్మానియాలో భాషాశాస్త్ర శాఖను నిలబెట్టారు. ఈ కథ ఇంట్లో చెప్పు. ఒప్పుకోరు, అయినా చెప్పు.

ఇక అసలు సంగతి. ఇక్కడ ఆసియా భాషల మీద పనిచేసేవాడికి రెండు ఇళ్లు ఉంటాయి. ఒకటి భాషాశాస్త్ర శాఖ. అక్కడ ఉద్యోగం ఇచ్చేది నీకు తెలుగు వచ్చినందుకు కాదు, వాక్యనిర్మాణం గురించో ధ్వనుల గురించో నీ దగ్గర ఒక ప్రశ్న ఉన్నందుకు. రెండవది ప్రాంతీయ అధ్యయన శాఖ. అక్కడ తెలుగు రావడమే నీ అర్హత. కానీ ఆచార్య పదవులు చాలావరకు సాహిత్యం, మతం, చరిత్ర చదివినవారికి పోతాయి. భాష చెప్పేవారిని లెక్చరర్లుగా తీసుకుంటారు, ఏడాదికో మూడేళ్లకో ఒప్పందం. వారంలో అయిదు రోజులు తరగతులు, పరిశోధనకు సెలవు ఉండదు, టెన్యూర్ అనే శాశ్వత ఉద్యోగ భద్రత ఉండదు. ఆ పనిని నేను చిన్నచూపు చూడడం లేదు. మంచి భాషా బోధకుడు దొరకడం మంచి సిద్ధాంతకర్త దొరకడం కన్నా కష్టం. కాకపోతే ఆ ఇంట్లోంచి ఈ ఇంట్లోకి దారి చాలా ఇరుకు.

నేను ఆ ఇరుకులో ఇరుక్కున్నదాన్నే. పీహెచ్‌డీ రెండో ఏట తెలుగు తరగతి తీసుకున్నాను. భత్యం బాగుంది, పిల్లలు బాగున్నారు, రాత్రిళ్లు వాళ్ల అభ్యాసాలు దిద్దుతూ కూర్చునేదాన్ని. ‘నాకు ఆకలిగా ఉంది’ అన్న వాక్యంలో కర్త ఎవరని ఒక కుర్రవాడు అడిగితే ఆ ప్రశ్న మీదే ఒక వ్యాసం రాయవచ్చనిపించింది. రాయలేదు. దిద్దవలసిన కాగితాలు ఇంకా ఉన్నాయి మరి. నాలుగేళ్లు అలా గడిచాయి. నా తరువాత చేరినవాళ్లు నాకన్నా ముందు ఉద్యోగాలకు వెళ్లారు.

అందుకని నా మాట: ఒక ఏడాది చెప్పు, రెండేళ్లు దాటనివ్వకు. పీహెచ్‌డీ నడుమ అర్హత కోసం పరిశోధన వ్యాసాలు రాసే ఏడాది అసలే వద్దు. ఎఫ్‌-1 విద్యార్థి వీసా మీద ఉన్నావు కాబట్టి తరగతులు నడిచే రోజుల్లో క్యాంపస్ పని వారానికి 20 గంటలకు మించకూడదు. ఇప్పటికే మీ శాఖలో సహాయకురాలిగా పనిచేస్తూ ఉంటే రెండూ కలిపి లెక్క కడతారు. ఈ విషయం పక్క భవనంవారు చెప్పరు, నువ్వే విదేశీ విద్యార్థుల కార్యాలయంలో అడగాలి.

టర్కిష్ గురువుగారి గురించి దిగులుపడకు. తెలుగు రాని గురువు ఉండడం ఒక రకంగా అదృష్టం. ప్రతి ఉదాహరణనూ పదం కింద పదం విడగొట్టి, ప్రత్యయం కింద ప్రత్యయం రాసి వివరించవలసి వస్తుంది. మనకు ‘అంతే, అలాగే అంటాం’ అనిపించేచోట ఆయన ‘ఎందుకు?’ అంటారు. నీ సిద్ధాంత వ్యాసం అంతా ఆ ‘ఎందుకు’లోనే ఉంటుంది.

ఉద్యోగం మారిన సభ్యుడు:

అక్కయ్యగారితో సగం ఏకీభవిస్తాను. నేను పీహెచ్‌డీ పూర్తిచేసి, మూడు శీతాకాలాలు ఉద్యోగాలకు దరఖాస్తులు పెట్టి, ఇప్పుడు మాటను అక్షరాల్లోకి మార్చే సాఫ్ట్‌వేర్ తయారుచేసే చోట ఉన్నాను. సుఖంగానే ఉన్నాను.

అమ్మాయీ, ఉద్యోగ ప్రకటనలు చదవడం నేర్చుకో. అవి శరదృతువులో వస్తాయి, చాలావరకు లింగ్విస్ట్ లిస్ట్ అనే భాషాశాస్త్రవేత్తల వెబ్‌సైట్‌లో కనిపిస్తాయి. ‘ఆసియా భాషలు’ అని ఉంటే ఉబ్బిపోకు. ఇక్కడ ఆ మాటకు ఎక్కువచోట్ల చైనీస్, జపనీస్, కొరియన్ అని అర్థం. ‘దక్షిణాసియా’ అని ఉన్నా లోపల హిందీ, ఉర్దూ, సంస్కృతం కోసం చూస్తూ ఉంటారు. తెలుగు కావాలని పేరు పెట్టి అడిగే ఆచార్య పదవిని నేను వెతికిన మూడేళ్లలో ఒక్కటీ చూడలేదు. నాకు వచ్చిన రెండు ఇంటర్వ్యూలూ ‘ధ్వనిశాస్త్రం, ఏ భాషైనా సరే’ అన్నవే.

కాబట్టి గణాంకశాస్త్రం ఒక కోర్సు, ప్రోగ్రామింగ్ ఒక కోర్సు ఇప్పుడే తీసుకో. వేరే రంగానికి వెళ్లమని కాదు. పత్రికల పాత సంచికల్లోంచి లక్ష వాక్యాలు తీసి జల్లెడ పట్టగలిగితే నీ వాదనకు బలం వస్తుంది. ఒకవేళ వెళ్లవలసి వచ్చినా చేతిలో పని ఉంటుంది. చదువు అయ్యాక విద్యార్థి వీసా మీదే ఉద్యోగం చేసుకోనిచ్చే ఓపీటీ 12 నెలలే, ఆ గడువు తరుముతుంది. విశ్వవిద్యాలయంలో ఉద్యోగం దొరికితే హెచ్‌-1బీ ఉద్యోగ వీసాకి లాటరీ బెడద ఉండదు. మాలాంటివాళ్లకు ఉంటుంది.

విశ్రాంత ఆచార్యుడు:

అమ్మాయికి ఆశీస్సులు. ఉద్యోగాల సంగతి మీరిద్దరూ చెప్పారు, నేను కొలామీ గురించి అడుగుతాను. ఎవరూ ఆ ఊసే ఎత్తలేదు!

కొలామీని వదులుకోవద్దు. తెలుగు దక్షిణ మధ్య ద్రావిడ శాఖది, గోండి, కువి, ‘కొండ’ అనే భాషలు దాని దాయాదులు. కొలామీ మధ్య ద్రావిడం. అంటే ఒకే రకం వాక్యాన్ని రెండు శాఖల్లో పక్కపక్కన పెట్టి చూడగలవు. ఈ పని చేయగల విద్యార్థులు అమెరికాలో ఎంతమంది ఉంటారు?

ముర్రే ఎమెనో సంగతి వినే ఉంటావు. యేల్‌లో సంస్కృతం చదివినవాడు. 1935 నుంచి 1938 దాకా మన దేశంలో తిరిగి తోడా, కోటా, కొడగు, కొలామీ మాట్లాడేవారి దగ్గర కూర్చుని నోటు పుస్తకాలు నింపాడు. కొలామీ వ్యాకరణం 1955లో వచ్చింది. తోడా వ్యాకరణం ఎప్పుడు వచ్చిందనుకున్నావు? 1984లో, ఆయనకు ఎనభై ఏళ్లు నిండిన ఏడు. మూడేళ్ల నోటు పుస్తకాలతో ఒక మనిషి అర్ధశతాబ్ది సేద్యం చేశాడు. నడుమ ఆక్స్‌ఫర్డులో ఉన్న బరోతో కలిసి ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు కూడా చేశాడు. నువ్వు ఈ వేసవిలో రాసుకునే నోటు పుస్తకం మీద తేదీ, ఊరు, మాట్లాడిన మనిషి వయసు స్పష్టంగా రాయి. ఇరవై ఏళ్ల తరువాత నీ చేతిరాత నీకే అర్థం కాదు. నా నోటు పుస్తకాల్లో నాకు ఇప్పటికీ అర్థం తేలని పేజీలున్నాయి.

డబ్బు సంగతి. అమెరికా ప్రభుత్వం విదేశీ భాషల చదువుకిచ్చే ఫ్లాస్ భత్యం, విదేశాల్లో పరిశోధనకిచ్చే ఫుల్‌బ్రైట్-హేస్ నీకు రావు, అవి అమెరికా పౌరులకూ గ్రీన్‌కార్డు ఉన్నవారికీ మాత్రమే. వాటికి దరఖాస్తు రాస్తూ నెల పాడుచేసుకోవద్దు. అంతరించిపోతున్న భాషలను నమోదు చేయడానికి ఇచ్చే గ్రాంట్లు చూడు, ఈఎల్‌డీపీ లాంటివి. నీకున్న లాభం ఒకటి చెబుతాను. నీ తోటి అమెరికన్ విద్యార్థి ఆదిలాబాదు వెళ్లాలంటే పరిశోధన వీసా కోసం నెలల తరబడి కాచుకోవాలి. భారత పాస్‌పోర్టు ఉన్నదానివి, నువ్వు బస్సు ఎక్కితే చాలు. తిరిగి రావడమే నీకు చిక్కు. బయలుదేరే ముందు విశ్వవిద్యాలయం ఇచ్చిన ఐ-20 పత్రం మీద ప్రయాణ సంతకం చేయించుకో, వీసా ముద్ర గడువు చూసుకో.

కొత్త సభ్యురాలు:

అందరికీ కృతజ్ఞతలు. తెలుగు తరగతి ఒక్క ఏడాదికి ఒప్పుకుంటున్నాను, అదీ మా గురువుగారితో మాట్లాడాకే. కొలామీ వదలను. కానీ ‘ప్రశ్న ఉండాలి’ అన్నారు కదా, ఆ ప్రశ్న ఎక్కడ దొరుకుతుంది? సెమినారులో అందరూ ఇంగ్లీషు వాక్యాలు బోర్డు మీద రాసి పోట్లాడుకుంటున్నారు, నేను చూస్తూ కూర్చుంటున్నాను.

భాషాశాస్త్ర శాఖలో పనిచేస్తున్న సభ్యురాలు:

ఈ రోజు తెలుగు పేపరు తెరువు. ‘తాను రాజీనామా చేయనని మంత్రి స్పష్టం చేశారు’ లాంటి వాక్యం మొదటి పేజీలోనే ఉంటుంది. మనం కాఫీ తాగుతూ చదివేసి పేజీ తిప్పుతాం. ఒక్క నిమిషం ఆగు. ‘తాను’ ప్రథమ పురుష, మంత్రిగారు. మరి క్రియ? ‘చేయను’. అది ఉత్తమ పురుష, ‘నేను చేయను’లో ఉన్నది. కర్త ఒక పురుషలో, క్రియ ఇంకొక పురుషలో! విడిగా ‘తాను చేయను’ అని ఎవరైనా అంటారా? ‘అని’ పక్కన చేరగానే తప్పు ఒప్పయిపోయింది.

అది మంత్రి మాటను ఉన్నదున్నట్టు ఎత్తిరాయడమే కదా అని మీ సెమినారులో ఎవరో ఒకరు లేస్తారు. అప్పుడు ఈ వాక్యం బోర్డు మీద రాయి: ‘తాను ఎక్కడికి రానని రాముడు చెప్పాడు?’ ఇక్కడ ‘ఎక్కడికి’ అని అడుగుతున్నది రాముడు కాదు, నువ్వు. నీ ప్రశ్న అతని మాట మధ్యలోకి దూరింది. ఉన్నదున్నట్టు ఎత్తిరాసిన మాటలోకి అలా దూరడం కుదరదు. దీని మీద తమిళంలోనూ తెలుగులోనూ సిద్ధాంతకర్తలు ఇప్పటికే వాదించుకుంటున్నారు, వాళ్లవి చదువు. తరువాత తిప్పి చూడు. ‘తాను రాడని రాముడు చెప్పాడు’ అంటే ఎలా ఉంది? ‘తాను గెలిచానని రాముడికి తెలుసు’, ‘తాను గెలిచాడని రాముడికి తెలుసు’, వీటిలో ఏది నోటికి వస్తుంది? అన్నాడు, అనుకున్నాడు, విన్నాడు, తెలుసు, భయపడ్డాడు... క్రియ మారితే తీర్పు మారుతుందా? పదిమందిని అడిగి ఒక పట్టిక వేయి. ఆ పట్టికను కొలామీ మాట్లాడేవారి దగ్గరికి తీసుకువెళ్లు. వాళ్లలో చాలామందికి తెలుగో మరాఠీయో కూడా వచ్చు కాబట్టి ఏది వాళ్ల సొంతం, ఏది పక్కింటినుంచి వచ్చింది అన్న తగువు అదనంగా దొరుకుతుంది.

విశ్రాంత ఆచార్యుడు:

ఆ తగువు నాకు వదిలేయండి, దాని మీద నేను రెండు సెమినార్లు పాడుచేసినవాణ్ణి.

కొత్త సభ్యురాలు:

నిన్న రాత్రి అమ్మకు ఫోను చేశాను. ‘తాను రాడని రాముడు చెప్పాడు’ అనవచ్చా అని అడిగితే, "ఎవరు రాడని? వాడా, ఇంకొకడా?" అంది. పక్కన ఉన్న అమ్మమ్మ ఫోను లాక్కుని, "బాగానే ఉంది, ఎందుకు అనకూడదు?" అంది. ఇద్దరూ ఫోనులోనే వాదులాటకు దిగారు. నాన్న కూడా చేరాడు. మొత్తం ఇరవై నిమిషాలు. రికార్డు చేసి ఉంచాను, మా గురువుగారికి వినిపించనా?

ఉద్యోగం మారిన సభ్యుడు:

అమ్మాయీ, వినిపించే ముందు మీ విశ్వవిద్యాలయంలో ఐఆర్‌బీ, అంటే మనుషుల మీద చేసే పరిశోధనలను పరిశీలించే సంఘం, కార్యాలయం ఎక్కడుందో కనుక్కో. మనుషుల మాట రికార్డు చేసి పరిశోధనకు వాడుకోవాలంటే ముందుగా అనుమతి ఉండాలి, సొంత అమ్మమ్మ అయినా సరే. ఆ రికార్డును పక్కన పెట్టు. అనుమతి వచ్చాక మళ్లీ ఫోను చేసి, ముందే చెప్పి, మళ్లీ అడుగు. అమ్మమ్మగారు ఈలోగా మాట మార్చకుండా ఉంటే అదృష్టం.