అప్‌డేట్: పింఛను సొమ్ముకు సలహాదారు కుదిరారు, పని ఇంకా మిగిలే ఉంది

పింఛను కోసం దాచిన సొమ్మును ఎక్కడ మదుపు చేయాలో చెప్పే సలహాదారును ఎలా ఎంచుకోవాలని ఇంతకుముందు అడిగాను. జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. “వారికి ఆదాయం ఎక్కడి నుంచి వస్తుందో ముందు అడగండి” అన్న సూచన బాగా పనికొచ్చింది. ఆ ఒక్క ప్రశ్నకే చాలామంది ముఖం మాడిపోయింది. ఒకాయన “మీరు నాకేమీ ఇవ్వనక్కర్లేదు” అన్నారు. మరి కమీషన్ ఎంత అంటే మాట దాటవేసి, రంగురంగుల గ్రాఫులు తెరిచారు.

ఇంకొకరు నిధిలో ఏటా ఒక్క శాతమే రుసుము అన్నారు. వినడానికి చిన్నదే. కానీ ఏటా 1 శాతం చొప్పున 20 ఏళ్లు కోత పడితే చివరికి చేతికందే మొత్తం దాదాపు 18 శాతం తగ్గుతుంది. ఈ లెక్క నేను వేసి చూపించాల్సి వచ్చింది, అదీ సలహాదారుకు!

చివరికి గంటల లెక్కన రుసుము తీసుకునే ఒకావిడను ఎంచుకున్నాను. పథకాల ఊసెత్తకుండా ముందు నా అప్పులు, ఖర్చులు, పదవీ విరమణ వయసు అడిగారు. రాబడికి హామీ ఇవ్వలేనని కాగితం మీదే రాసిచ్చారు. పాత పథకం నుంచి బయటికొస్తే ఎంత కోత పెడతారో ఇంకా తేలలేదు. అది తేలేదాకా సొమ్ము కదిపేది లేదు.