సమస్యాపూరణం: «కొండ గెలిచినాఁడు కొండ విడిచె»

నిర్వాహకుడు: ఈ వారం పాదం పైన ఉంది. ఒక్కటే షరతు: పూరణ 1900లో దక్షిణాఫ్రికా దాటకూడదు. పాదం తట్టినప్పుడు నా మనసులో ఉన్నది స్పియన్ కోప్. జనవరి 24న తుగేలా నది దగ్గరి ఆ కొండ మీద పగలంతా చచ్చి, రాత్రికి ఇరుపక్షాలూ, అంటే ఇంగ్లీషువాళ్లూ బోరులూ (అక్కడ స్థిరపడ్డ డచ్చి సంతతివాళ్లు), దిగిపోవడం మొదలుపెట్టిన యుద్ధం. వేరే ఏదైనా తడితే ఇంకా మంచిది. ఏడుకొండలవైపు లాగితే మాత్రం తీసేస్తాను.

పలనాటి పలక:

తెల్లదొరల సేన తెరువు గానక దిగె,
బోరుసేన గూడఁ బోయె దిగుచు,
పొద్దు పొడిచినంతఁ బూడ్చని శవములే,
కొండ గెలిచినాఁడు కొండ విడిచె.

గోదావరి గట్టు: పలకగారూ, "బూడ్చని శవములే" దగ్గర ఒళ్లు జలదరించింది. కానీ ఇద్దరూ దిగిపోతే "గెలిచినాఁడు" ఎవరండీ? బోరులంతా దిగలేదు. వాళ్ల సేనాని లూయీ బోథా ఆ రాత్రి బతిమాలి కొందరిని ఆపాడు. తెల్లారేసరికి శిఖరం మీద పోరాడే ఇంగ్లీషువాడు లేడు, కొండ అతనిదైంది. 1910లో ఆ దేశానికి తొలి ప్రధాని అయినవాణ్ణి మీ పద్యంలో పారిపోయినవాళ్లలో కలిపేశారు. నా పూరణ:

రేయి నెక్కె దళము, రేఁగె ఫిరంగులు,
తవ్వినట్టి గోయి తనకె గోరి,
పగలు చచ్చి చచ్చి భానుఁడు దిగిపోవ
కొండ గెలిచి, నాఁడు కొండ విడిచె.

కింద అంతా రాయి కావడంతో కందకం మోకాలి లోతు కూడా రాలేదు. చనిపోయినవాళ్లను ఆ కందకంలోనే పూడ్చారు. రెండో పాదం అందుకే.

మొల్ల ముంగిలి: "గెలిచి, నాఁడు"! అన్నయ్యగారూ, ఈ విరుపుకు నమస్కారం. క్రియను పట్టుకుని మేమంతా కుస్తీ పడుతుంటే మీరు దాన్ని రెండుగా విరిచి పక్కన పెట్టేశారు. "గోయి", "గోరి" పక్కపక్కన పడటం ఇంకా బాగుంది.

పలనాటి పలక: విరుపు బాగుంది, కాదనను. ద్రుతం (మాట చివరి నకారం) ఏమైంది? దిగిపోవన్ + కొండ అంటే "గొండ" అవుతుంది. సమస్య మొదటి అక్షరమే మారిపోయింది. పోయినసారి బోరులు చుట్టుముట్టిన లేడీస్మిత్ ఊరి ముట్టడి మీద నేను "గంట కొట్టి నూరుఁ గాచినాఁడు" అని రాస్తే, క్త్వార్థానికి ("కొట్టి" వంటి క్రియకు) నుగాగమం (చివర నకారం చేరడం) ఎక్కడిదని గట్టుగారు మూడు పేరాలు రాశారు. ఆ పాఠం ఇక్కడ ఏమైపోయింది?

మొల్ల ముంగిలి: "కొట్టి యూరు" అని మార్చాక ఆ పాదం ఎంత బాగుందో కూడా చెప్పండి మరి. ప్రభూ సింగ్ అనే గిరిమిట్ (ఒప్పంద) కూలీ చెట్టెక్కి, ఎదుటి కొండ మీద బోరుల ఫిరంగి మెరుపు కనబడగానే గంట కొట్టేవాడు. గుండు వచ్చి పడేలోగా జనం దాక్కునేవాళ్లు. అంత కథను ఒక్క పాదంలో ఇమిడ్చారు మీరు. ఇప్పటికీ నాకు నోటికి వచ్చు.

గోదావరి గట్టు: "దిగిపోవ" తర్వాత పాదాంత విరామం ఉంది, యతి ఎక్కడా చెడలేదు. విరామం దగ్గర సరళాదేశం ("కొ"ను "గొ" చేయడం) చేయనక్కర్లేదని నా అభిప్రాయం.

డర్బన్ తెలుగు: వ్యాకరణం తర్వాత చూద్దాం. 1860 నవంబరులో మద్రాసు నుంచి ట్రూరో ఓడ ఇక్కడికి వచ్చింది. అందులో మనవాళ్లూ ఉన్నారు. 40 ఏళ్లకు ఈ కొండ కింద గాంధీగారి అంబులెన్సు దళం. మొత్తం 1,100 మంది, అందులో స్వేచ్ఛగా వచ్చినవాళ్లు 300 చిల్లర, మిగతా అంతా గిరిమిట్ కూలీలే. కొండ మీద ఇంగ్లీషు సేనను నడిపి గాయపడ్డ జనరల్ ఉడ్‌గేట్‌ను మోసింది ఆ దళమే. గాయపడ్డవాళ్లను డోలీలో మోస్తూ రోజుకు 20, 25 మైళ్లు నడిచారు. పతకాలు వచ్చింది నాయకులకు. 1895 చట్టం ప్రకారం గిరిమిట్ తీరాక ఇక్కడే ఉండిపోదామనుకున్న కూలీ ఏడాదికి 3 పౌన్ల తల పన్ను కట్టాలి. అది 1914 దాకా పోలేదు.

కూలివాని భుజమె గుడ్డల డోలియై
మైళ్ల కొలఁది మోసె మట్టి దారి,
నెత్తురోడు దొరను నేలకుఁ జేరిచి
కొండ గెలిచినాఁడు, కొండ విడిచె.

మొల్ల ముంగిలి: "భుజమె డోలియై" చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను.

పలనాటి పలక: ద్రుతం గొడవే లేదు, "చేరిచి" కళ (ద్రుతం లేని మాట). గట్టుగారు గమనించాలి. ఒక్క ప్రశ్న. మోసింది భుజం కదా, నాలుగో పాదంలో గెలిచినవాడు ఎవరు? దొర అని కూడా చదవొచ్చు.

నిర్వాహకుడు: గట్టుగారి మూడో పాదం "పగలు చచ్చి చచ్చి, భానుఁడు దిగె, సేన" అంటే సరిపోతుంది. కళాంతం, కర్త కూడా దొరికాడు. విరామం వాదన ఇక వద్దు. డర్బన్ వారి పూరణ ఈ వారానికి పైన పెడుతున్నాను.

గోదావరి గట్టు: "సేన" పెడితే "దళము"కు పునరుక్తి. అయినా మీ మాట కాదనను. పైన పెట్టడానికి తగిన పద్యమే అది.

డర్బన్ తెలుగు: పలకగారూ, గెలిచినవాడు కూలివాడే. దొర అని ఎవరూ చదవకుండా మొదటి పాదంలో "కూలివాఁడు" అని కర్తను తేవాలంటే భుజం పోతుంది. భుజం పోనివ్వను.