ముస్లిం జనాభా అంత కుర్రగా ఉండటానికి కారణం మతమేనా?

గట్టుమీద_గోపి: నిన్న ఆఫీసు క్యాంటీన్‌లో పెద్ద వాదన. "ముస్లింలంటే అరబ్బులే కదా, ఎక్కువమందిని కనాలని వాళ్ళ మతంలోనే ఉంది" అన్నాడొకతను. ప్యూ రీసెర్చ్ సెంటర్ అనే అమెరికా సర్వే సంస్థ లెక్క తీసి చూశాను. 2020 నాటికి ప్రపంచంలో దాదాపు 200 కోట్లమంది ముస్లింలు, నలుగురిలో ఒకరు. వాళ్ళలో సగంమంది 24 ఏళ్ళలోపువాళ్ళే. మిగతావాళ్ళలో ఆ సగం గీత 33 దగ్గర పడుతుంది. తొమ్మిదేళ్ళ తేడా! మతం కాకపోతే మరేంటి?

లెక్కల_మాస్టారు: ముందు ఆ అరబ్బుల ముచ్చట తీసెయ్యండి. ముస్లింలు ఎక్కువగా ఉన్న మొదటి నాలుగు దేశాలు ఇండోనేషియా, పాకిస్తాన్, ఇండియా, బంగ్లాదేశ్. ఒక్కటీ అరబ్ దేశం కాదు. పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికా మొత్తం కలిపినా ఐదో వంతే.

ఇక పిల్లల సంగతి. 1980ల మొదట్లో ఇరాన్‌లో ఒక్కో తల్లికి ఆరుగురికి పైనే. 1989లో అక్కడి ప్రభుత్వం కుటుంబ నియంత్రణ మొదలుపెట్టింది. నడిపింది ఎవరనుకున్నారు? మతపెద్దల సర్కారే! పల్లెల్లో ఆరోగ్య కేంద్రాలు, వాటిలో 'బెహ్వర్జ్' అనే కార్యకర్తలు, అంటే మన ఆశా వర్కర్ లాంటివాళ్ళు. అప్పట్లో పెళ్ళి చేసుకోబోయే జంట ముందు కుటుంబ నియంత్రణ క్లాసులో కూర్చోవాల్సి వచ్చేది. 2000ల మొదటికల్లా ఆ ఆరు కాస్తా రెండుకి దిగింది. ఈలోగా ఖురాన్ ఏమీ మారలేదు కదా.

సీమ_రాము: ఇరాన్ ఒక్కటి చూపిస్తే సరిపోతుందా మాస్టారూ? ముస్లింలు ఎక్కువగా ఉన్న ఆఫ్రికా దేశం నైజర్‌లో ఇప్పటికీ ఒక్కో తల్లికి ఆరుగురి దగ్గరే. అంత దూరం ఎందుకు, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఒక్కో మహిళకు సగటున పిల్లలు హిందువుల్లో 1.94, ముస్లింలలో 2.36. ప్రభుత్వం ఒకటే, ఆస్పత్రులు అవే. తేడా ఎక్కడిది?

లెక్కల_మాస్టారు: తేడా లేదని నేననలేదే. 1992-93లో ఇదే సర్వేలో 3.3, 4.4. అప్పటి 1.1 తేడా ఇప్పుడు 0.4 అయింది. పైగా 2019-21 సర్వేలోనే బీహార్ దాదాపు 3, జమ్ము కశ్మీర్ 1.4. నైజర్ పక్కన డెమొక్రాటిక్ రిపబ్లిక్ ఆఫ్ కాంగోని పెట్టి చూడండి. అక్కడ ఎక్కువమంది క్రైస్తవులు, అయినా ఆరు దగ్గరే ఉంది.

చార్మినార్_చాయ్: మా దాదీకి తొమ్మిది మంది. అమ్మీకి ఐదుగురం. మా చెల్లికి ఇద్దరు, ఇంకో మాటెత్తితే కొట్టేలా ఉంది. దాదీ బడి మొహం చూడలేదు, చెల్లి బీకాం. నమాజు ముగ్గురూ ఐదు పూటలా చదివినవాళ్ళే. జూన్ వచ్చిందంటే చాలు, స్కూలు ఫీజు రసీదులు బల్లమీద పరుచుకుని లెక్కలేస్తుంటుంది చెల్లి.

సీమ_రాము: బాగుంది భాయ్, కానీ మీ ఇల్లొక్కటే ఊరు కాదు. చాలాచోట్ల ఆడపిల్లకి తొందరగా పెళ్ళి చేసేస్తారు. దాన్ని మతం అనకండి, ఆచారమనండి, లెక్కలో మాత్రం పడుతుంది.

లెక్కల_మాస్టారు: పడుతుంది, ఒప్పుకుంటా. గోపీ, నీ తొమ్మిదేళ్ళ తేడాలో ఇంకోటి కూడా ఉంది. 2010లో ముస్లింలలో 34 శాతం 15 ఏళ్ళలోపు పిల్లలు. వాళ్ళంతా ఇప్పుడు పెళ్ళీడుకొచ్చారు, లేదా వస్తున్నారు. తలా ఇద్దర్నే కన్నా కాన్పుల సంఖ్య కొన్నాళ్ళు తగ్గదు. నిన్నటి తల్లుల లెక్క ఇవాళ కనిపిస్తోందన్నమాట.

గట్టుమీద_గోపి: ఇదంతా మా క్యాంటీన్ అతనికి చూపించా. "మరి మన ఆంధ్రాలో ఎక్కువమందిని కనమంటున్నారుగా" అని మాట మార్చాడు. నిజమే, ఆ 2019-21 సర్వేలోనే ఏపీ 1.7కి పడిపోయింది. ఇద్దరికి మించి ఉంటే స్థానిక ఎన్నికల్లో నిలబడకూడదన్న నిబంధన 2024లో ఎత్తేశారు. ఇరాన్ కూడా 2021లో పిల్లల్ని కనమని చట్టమే చేసింది.

చార్మినార్_చాయ్: చెల్లికి చెప్పి చూస్తా. ఫీజు ఎవరు కడతారంటే మాత్రం మీ నంబరే ఇస్తా గోపీ భాయ్.